నాయనమ్మ చెప్పని లెక్క

పొద్దున నాయనమ్మ మోకాళ్లకు ఆముదం రాస్తుంటే ఫోన్‌లో మెయిల్ వచ్చింది. ఆసియా దేశాల చరిత్ర మీద పరిశోధనలు వేసే ఒక పత్రిక నా వ్యాసాన్ని అచ్చు వేస్తుందట! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. మా ఎల్‌బీ నగర్ రెండు గదుల ఇంట్లో నూనె చేతులతోనే గంతులు వేశాను. ఆ ఆముదం వాసనకే శారద మేడమ్ గుర్తొచ్చారు. ఈ కబురు ముందు ఆమెకే చెప్పాలి. కానీ పోయినేడు ఆమె కన్నుమూశారు.

మేడమ్‌ది గుంటూరు వైపు. చరిత్ర లెక్చరర్‌గా రిటైరై దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవారు. నేను ఎం.ఏ. చదివేటప్పుడు ఆదివారాలు ఆమె ఇంట్లోనే గడిచేవి. పాత పెళ్లి శుభలేఖల వెనక నోట్సు రాయించేవారు. "పెళ్లెవరిదైతేనేం, వెనక ఖాళీ మనదే" అని నవ్వేవారు. కాగితం పైభాగాన మాట చెప్పినవారి పేరు, దాని కింద వాళ్ల మాట ఉన్నదున్నట్టు రాయాలి. ఆ పద్ధతి తప్పితే ఊరుకునేవారు కాదు.

నా వ్యాసం తేలియా రుమాళ్ల మీద. ఆముదం, బూడిద నీళ్లు పట్టించిన నూలుకు రంగులద్ది నేసే ఆ గుడ్డలు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయేవి. నల్గొండ పల్లెలో నాయనమ్మ చేసింది ఆ పనే. నూలుకు నూనె ఎన్ని రోజులు పట్టిస్తారని అడిగితే, "ఏమో బిడ్డా, గవన్నీ ఎవలు లెక్కవెట్టిన్రు?" అంది. నాకు చిన్నతనంగా అనిపించింది. ఒక పుస్తకంలో ఉన్న రోజుల లెక్క తీసుకుని, నాయనమ్మ పేరు కింద రాసేశాను.

మేడమ్ ఆ శుభలేఖ దగ్గరే ఆగిపోయారు.

"ఈ లెక్క ఆవిడే చెప్పారా అమ్మాయ్?"

"పుస్తకంలో అట్లనే ఉంది మేడమ్."

"అయితే పుస్తకం పేరు రాయి. దాని మాట ఆవిడ నోట్లో ఎందుకు పెట్టావు?"

వ్యాసం పంపడానికి నాలుగు రోజులే గడువు. నాయనమ్మ చెప్పినట్టు రాసిన ఆ ముక్క తీసేస్తే నాది అని చెప్పుకోవడానికి అందులో ఏమీ మిగలదు. "ఆమెకు తెలియదంది మేడమ్" అన్నాను.

మేడమ్ కళ్లజోడు తీశారు. "తెలియదందా? లెక్కపెట్టలేదందా?"

సాయంత్రం ఇంటికొచ్చి నాయనమ్మను మళ్లీ అడిగాను. "లెక్కపెట్టకుంటే నూలు అయిందని ఎట్ల తెలిసేది?"

"గిప్పుడు సక్కగ అడిగినవ్! దేవుడు ముక్కెందుకిచ్చిండే? పొద్దుగాల నూలు పిసుక్కుంట వాసన జూసేటోళ్లం. ఎండకాలం జల్ది అయితది, ముసురు వడితే కాదు. మా అత్త వాసన జూసి సరే అంటేనే మొగోళ్లు దాన్ని ముట్టేది."

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ ఆడవాళ్లు లేరు. రాసిందంతా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. గడువు దాటిపోయింది. "దాటనీ, ఇంకోటి వస్తుంది" అని మేడమ్ నాకు టీ పోసిచ్చారు. ఇవాళ పత్రిక అంగీకరించింది ఆ రెండోసారి రాసినదాన్నే.

"ఏమాయెనే, గట్ల ఎగురుతున్నవ్?" అంది నాయనమ్మ.

"నీ మాట అచ్చయితుంది, నీ పేరుతోటి!"

"మా అత్త పేరు రాసినవా మరి? నాకు నేర్పిందే ఆమె."

రాయలేదు. అసలు అడగనే లేదు. అచ్చుకు పోయేలోగా దిద్దుకునే వీలుంది. మేడమ్ ఇచ్చిన కట్టలోంచి ఒక శుభలేఖ తీసి, నూనె వేళ్లతోనే వెనక్కి తిప్పాను.

"చెప్పు నాయనమ్మా, ఆమె పేరేంది?"