సబ్బునీళ్ళ మీద విచారణ

ఆదోనిలో డాక్టర్ రమాబాయి గారి కాన్పుల ఆస్పత్రికి నొప్పులతో వచ్చిన ఏ ఆడమనిషీ ఉచ్చీరమ్మ చేతిలో పడకుండా బిడ్డను కన్నది లేదు. షావుకారు భార్య కానీ, పురోహితుడి కోడలు కానీ, మార్కెట్ యార్డులో పత్తి గోతాలు కుట్టే మనిషి కానీ, ముందు ఎడమ పక్కకు తిరిగి మోకాళ్ళు ముడుచుకుని పడుకోవలసిందే. గోడన మేకుకు తెల్ల ఎనామెల్ డబ్బా. అందులో గోరువెచ్చని సబ్బునీళ్ళు. దాని అడుగునుంచి ఎర్ర రబ్బరు గొట్టం. డాక్టర్లు దాన్ని ఎనిమా అనేవారు. ఊరు మాత్రం గౌరవంగా ‘డబ్బా’ అనేది.

“పక్కకు తిరుగమ్మా” అనేది ఉచ్చీరమ్మ. ఎంతటివాళ్ళయినా తిరిగేవాళ్ళు.

ఆస్పరిలో పుట్టి, ఆదోని జిన్నింగు మిల్లులో పదేళ్ళు దూదిదుమ్ము మింగి, 1965లో ఆయాగా చేరిన మనిషికి ఇది చిన్న పదవి కాదు. బజారులో షావుకారమ్మ ఎదురైతే దారి ఇచ్చి నిలబడవలసింది ఉచ్చీరమ్మే. ఆస్పత్రి గదిలో మాత్రం షావుకారమ్మలు ఆమె మాటకు కదిలేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా సాగుతున్న ఈ ప్రభుత్వానికి ప్రతిపక్షం అంటూ లేదు. 1983 వేసవి ముందర అదీ వచ్చింది.

వచ్చింది బయటి మనిషి కాదు. రమాబాయి అన్నగారి కూతురు, డాక్టర్ గిరిజ. కర్నూలులో చదివి, మద్రాసులో రెండేళ్ళు పనిచేసి, మేనత్తకు సాయంగా చేరింది. మూడో రోజున చేతులు కడుక్కుంటూ మామూలుగా అడిగింది.

“అత్తా, అందరికీ ఎనిమా ఎందుకు పెడుతున్నాం?”

రమాబాయి గారిని ముప్పై ఏళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మూడు వేళ్ళు ముడిచి మూడు కారణాలు చెప్పారు. పేగు ఖాళీ అయితే బిడ్డకు దారి దొరుకుతుంది. నొప్పులు ఊపందుకుంటాయి. కాన్పులో మురికి పడితే తల్లికీ బిడ్డకూ చీము పడుతుంది, ముందే కడిగేస్తే ఆ బాధ లేదు.

“ఇంగ్లండులో పెట్టీ చూశారట, పెట్టకుండా చూశారట. పెద్ద తేడా లేదని రాశారు.”

“కాగితంతో తుడుచుకునేవాళ్ళు! వాళ్ళ దగ్గర మనం శుభ్రం నేర్చుకోవాలా?”

“శుభ్రం సంగతి సరే. పాపం, ఆడవాళ్ళు నొప్పులకంటే ఆ గొట్టానికే ఎక్కువ భయపడుతున్నారు. అది మానేస్తే ఆయాకు వరండా ఊడ్చుకునే తీరికైనా దొరుకుతుంది.”

తలుపు అవతల బకెట్టుతో నిలబడి ఉన్న ఉచ్చీరమ్మ చెవిలో ఆ చివరి మాట పడింది. ఆమె నేరుగా మందుల గదికి పోయింది. అక్కడ కాంపౌండరు అబ్రహాం బార్ సబ్బును చాకుతో తరుగుతున్నాడు.

“అబ్రహామూ, ఆ సిన్న డాక్టరమ్మ సెప్పేది నిజమంటావా?”

“నిజమైతే నీ మంత్రి పదవి పోయినట్లే అక్కా. డబ్బా శాఖ తీసేసి చీపురు శాఖ ఇస్తారు.”

“నవ్వు, నవ్వు. నీ సబ్బు తరిగే పనీ పోతాది.”

అత్తాకోడళ్ళ వాదం వారం నడిచింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. మూడు నెలలు బేసి తారీఖున వచ్చినవాళ్ళకు డబ్బా, సరి తారీఖున వచ్చినవాళ్ళకు లేదు. నొప్పులు ఎంతసేపు సాగాయో అబ్రహాం రిజిస్టరులో రాస్తాడు. మరి మురికి సంగతి? కాన్పు వేళ డాక్టర్ల కళ్ళు బిడ్డ తల మీద ఉంటాయి. దుప్పట్లు ఎవరు మారుస్తారో, రబ్బరు షీటు ఎవరు కడుగుతారో వాళ్ళకే తెలియాలి. ఆ విధంగా, పదవి పోతుందో ఉంటుందో తేల్చే కేసులో ఏకైక సాక్షిగా ఆ పదవిలో ఉన్న మనిషినే నియమించడం జరిగింది. న్యాయశాస్త్రం ఒప్పుకోదు కానీ, ఇంకో మనిషి లేదు.

ఉచ్చీరమ్మకు అక్షరం రాదు. రెండు ఖాళీ డబ్బాలు తెచ్చుకుంది. డబ్బా పెట్టిన కాన్పులకు డాల్డా డబ్బా, పెట్టనివాటికి పాలపొడి డబ్బా. కాన్పులో దుప్పటి పాడైతే ఆ డబ్బాలో ఒక చింతపిక్క వేస్తుంది. పాడవకపోతే లేదు. రోజూ పొద్దున్నే అబ్రహామును అడిగేది, “ఈ పొద్దు బేసా, సరా?” అని. అతను ఎగతాళికి తప్పు చెబుతాడేమోనని ఎదురు కొట్లో క్యాలెండరునూ చూపించుకుని రూఢి చేసుకునేది.

మొదట్లో ఆమెకు సందేహమే లేదు. పాలపొడి డబ్బా నిండుతుంది, డాల్డా డబ్బా మోగదు, చిన్న డాక్టరమ్మ నోరు మూతపడుతుంది. కానీ పదిహేను రోజులకు రెండు డబ్బాలూ ఊపి చూస్తే రెండూ ఒకేలా మోగాయి. ఇది ఆమెకు బాధ కలిగించవలసిన విషయం. ఎందుకో బాధకంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. పద్దెనిమిదేళ్ళు ఉతికిన దుప్పట్లను ఒక్కనాడూ చూడలేదా తాను? అప్పటినుంచి చూడడం మొదలుపెట్టింది. బేసి రోజున వచ్చేది నీళ్ళలా వచ్చి, రబ్బరు షీటు అంచులదాకా పారుతోంది. సరి రోజున వచ్చేది ఒక్క పిడికెడు దూదితో తుడిస్తే పోతోంది. ఈ సంగతి ఆమె చేతులకు ఎప్పుడో తెలుసు. తలకు చెప్పలేదంతే.

ఇంకొకటీ గమనించింది. సరి రోజున అరగంట మిగులుతోంది. ఉత్త చేతులతో కూర్చోలేక, ఆ అరగంట నొప్పులు పడే మనిషి నడుము రుద్దేది. వాళ్ళు ఆమె కొంగు పట్టుకుని వదిలేవాళ్ళు కాదు.

రెండో నెలలో ఒక సరి తారీఖున, పత్తి వ్యాపారి ఇంద్రసేనయ్య భార్య అన్నపూర్ణ తన కూతురు అలివేలుమంగను తొలికాన్పుకు తీసుకొచ్చింది. పిల్లను ఎమ్మిగనూరుకు ఇచ్చారు. అన్నపూర్ణ గదిలోకి వస్తూనే గోడకేసి చూసింది. మేకు ఖాళీ.

“ఏమే ఉచ్చీరమ్మా, డబ్బా యాడ?”

“ఈ పొద్దు సరి తారీఖు అన్నపూర్ణమ్మా. డబ్బా లేదు.”

“సరి తారీఖైతే? ఏకాదశా ఏమి, డబ్బా ఉపవాసం ఉండేకి?”

“డాక్టరమ్మలు పరీచ్చ సేస్తాండారు.”

“పరీక్షకు నా కూతురే దొరికిందా? మా వియ్యపురాలు రేపు ఎమ్మిగనూరునుంచి వస్తాది. వచ్చి బిడ్డను సూడదు, ముందు డబ్బా పెట్టినారా అని అడుగుతాది. ఇద్దరు కోడండ్లకు, పెద్దకూతురికి దగ్గరుండి పెట్టించిన మనిషి. ఆదోనిలో ఏమీ సేయలేదంటే నా మొగం యాడ పెట్టుకోవల్ల?”

“అమ్మా, నాకొద్దు ఆ గొట్టం” అంది మంచంమీదనుంచి అలివేలుమంగ, రెండు నొప్పుల మధ్య.

“నోరు మూసుకోవే. కనేది నువ్వు, మాట పడేది నేను! పెట్టేది లేదంటే సెప్పు ఉచ్చీరమ్మా, ఇప్పుడే జీపు మాట్లాడుకుని ఎమ్మిగనూరుకు పోతాం.”

పిల్ల నొప్పులు చూస్తే జీపు ఎమ్మిగనూరు చేరేలోపు దోవలోనే కాన్పయ్యేటట్లుంది. డాక్టర్లిద్దరూ పక్క గదిలో ఎదురుకాళ్ళ బిడ్డతో కుస్తీ పడుతున్నారు. ఉచ్చీరమ్మ ఒక్క నిమిషం ఆలోచించి, డబ్బా తెచ్చి మేకుకు తగిలించింది. పెద్దామెను బయటికి పంపి పరదా లాగింది. బకెట్టులో చెంబు ముంచి నీళ్ళ చప్పుడు చేసింది.

“పక్కకు తిరుగమ్మా!” అంది వరండాదాకా వినబడేలా. తర్వాత చెవి దగ్గర వంగి, “డబ్బా ఖాళీ, తల్లీ. ఊరికే పడుకో” అంది.

అంత నొప్పిలోనూ అలివేలుమంగ నవ్వింది. “మా అత్తకు మాత్రం సెప్పొద్దక్కా” అని మాట తీసుకుంది. ఉచ్చీరమ్మ అరగంట నడుము రుద్దింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. దుప్పటి శుభ్రంగా ఉంది. పాలపొడి డబ్బాలో పిక్క పడలేదు.

మూడు నెలలూ గడిచాయి. డబ్బాలు డాక్టర్ల ముందు పెట్టవలసిన పొద్దున ఉచ్చీరమ్మ వాటిని మందుల గదిలో కుమ్మరించుకుంది. డాల్డా డబ్బాలో పన్నెండు పిక్కలు, పాలపొడి డబ్బాలో పది.

అబ్రహాం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “అక్కా, ఈ డాల్డావి ఒక ఆరు తీసి ఆ పాలపొడి దాంట్లో వేసినావంటే నీ డబ్బా నీదే. పిక్కలకేమన్నా నోరుందా?”

ఉచ్చీరమ్మ ఆరు పిక్కలు ఏరి పిడికిట్లో పట్టుకుంది. వరండా ఎంత పొడుగో ఆమెకు తెలుసు. చీపురు పట్టిన మనిషికి ఎవరూ పక్కకు తిరగరనీ తెలుసు. అయినా వాటిని మళ్ళీ డాల్డా డబ్బాలోనే వేసింది.

“ఏమక్కా?”

“మూడు నెలలు కండ్లు పెట్టుకుని సూసినా గదప్పా. ఇప్పుడు కలిపేసినానంటే, నాకు తెలిసిండేది ఈ ఒక్కటీ పోతాది.”

రమాబాయి గారు పిక్కలను రెండుసార్లు లెక్కపెట్టారు, మధ్యలో అవి పిల్లలు పెట్టాయేమో అన్నట్టు. డబ్బా పెట్టిన ముప్పై ఒక్క మందిలో పన్నెండు. పెట్టని ఇరవై తొమ్మిది మందిలో పది. నొప్పుల వ్యవధిలో తేడా ఏమీ లేదని రిజిస్టరు చెప్పింది. పిక్కలు చెప్పలేని సంగతి, నీళ్ళు పారడం, ఒక్క దూదితో పోవడం, ఉచ్చీరమ్మ చెప్పింది.

“ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే?”

“మీరు అడగలేదమ్మా. నన్ను నేనూ అడగలేదు.”

రమాబాయి గారు ఓడిపోయిన వారిలా కనిపించలేదు. “అరవై కాన్పులతో శాస్త్రం మారదే గిరిజా” అన్నారు.

“మారనక్కరలేదు అత్తా. లాభం ఉందని తేలేదాకా ఆడవాళ్ళను బాధపెట్టకుంటే చాలు.”

“సాకు, సాకు!” అన్నారు రమాబాయి. కోపం వచ్చినా, ఒప్పుకోవలసి వచ్చినా ‘చాలు’ అనడానికి ఆమెకు కన్నడమే వచ్చేది. తీర్పు ఇలా వెలువడింది: నాలుగు రోజులుగా విరేచనం కాక ఇబ్బంది పడేవాళ్ళకు, తామై కోరినవాళ్ళకు డబ్బా. మిగతావాళ్ళకు లేదు. “ఉచ్చీరమ్మా, రేపటినుంచి నువ్వు వరండా చూసుకో.”

ఉచ్చీరమ్మ డబ్బాను కడిగి, ఆరబెట్టి, మేకుకు తగిలించి, చీపురు పట్టుకుంది. పది రోజులు వరండా అద్దంలా మెరిసింది. మెరుపును ఎవరూ చూడలేదు, తొక్కుకుంటూ పోయారు.

పదకొండో రోజున ఎమ్మిగనూరునుంచి ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి నొప్పులు పడుతున్న ఒక పిల్లను నడిపించుకుంటూ లావుపాటి పెద్దామె దిగింది. ఆమె అలివేలుమంగ అత్తగారు. వెంట ఉన్నది ఆమె చిన్న కూతురు.

“డబ్బా ఉచ్చీరమ్మంటే ఎవరు ఈడ?” అంది వరండాలోనే. “మా కోడలు అలివేలుమంగకు పెడితే పెట్టినట్లే తెలీలేదంట! మా ఊర్లో నా పెద్దకూతురికి పెట్టినప్పుడు వారం రోజులు ఏడ్సింది. నా సిన్నదానికి ఆ సెయ్యే కావల్ల.”

గిరిజ రిజిస్టరు తిప్పింది. అలివేలుమంగ, సరి తారీఖు. డాక్టర్లిద్దరూ చీపురు వైపు చూశారు. ఉచ్చీరమ్మ చీపురు గోడకు ఆనించి, అత్తకు చెప్పనని ఇచ్చిన మాట తప్పుతున్నందుకు అలివేలుమంగను మనసులోనే క్షమించమని అడిగి, ఆ అత్త ఎదుటే చెప్పేసింది.

“ఆ పొద్దు డబ్బా ఖాళీదమ్మా. నీళ్ళు పెట్టలేదు. ఊరికే నడుము రుద్దినా.”

పెద్దామె ముక్కుమీద వేలేసుకుని ఆలోచించింది. తర్వాత తన కూతురి ముఖం చూసింది. ఆ ముఖంలో అప్పుడే కొంచెం రంగు వచ్చింది.

“నీళ్ళుంటేనేమి, లేకుంటేనేమి” అంది చివరికి. “డబ్బా మాత్రం తగిలించండి. ఎవరన్నా అడిగితే పెట్టినారని సెప్పుకోవల్ల. ఆ సెయ్యి మాత్రం నిజంగా పెట్టల్ల.”

రమాబాయి గారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆమె నవ్వారని అబ్రహాం తర్వాత చాలామందికి చెప్పాడు కానీ, ఎవరూ నమ్మలేదు.

“అబ్రహాం” అన్నారామె, “సబ్బు తరిగే పని తగ్గింది కదా నీకు. ఆ చీపురు తీసుకో.”

ఉచ్చీరమ్మ చేతులు కడుక్కుని గదిలోకి పోయింది. మంచంమీది పిల్ల బెదురుగా గోడవైపే చూస్తోంది. ఉచ్చీరమ్మ డబ్బాను మేకునుంచి తీసి, తలకిందులు చేసి చూపించింది. ఒక్క చుక్క కూడా రాలలేదు.

“సూసినావా?” అని దాన్ని మళ్ళీ తగిలించి, కొంగు బిగించుకుంది. “ఇంగ పక్కకు తిరుగమ్మా.”

పిల్ల తిరిగింది.