కోసేసిన మౌనం

గోదావరిఖనిలో గని కార్మికులకు వీడియో పాఠాలు తయారుచేసేదాన్ని. ప్రతి పాఠమూ చిన్నది. ఒకసారి తీస్తే ఏ గనిలోనైనా, ఏ తరగతిలోనైనా మళ్లీ మళ్లీ వాడుకునేలా ఉండాలి. అందుకే ఊరి పేరు గానీ, ఎవరి సొంత కథ గానీ అందులో రాకూడదు.

గని పైకప్పు పరీక్ష పాఠానికి, గనిలో భద్రత చూసే సర్దార్‌గా చేసి రిటైరైన కాక వచ్చాడు. కప్పును కర్రతో కొట్టి, చప్పుడును బట్టి అది గట్టిదో కూలేదో చెప్పేవాడు. కొట్టాక కర్ర దించేవాడు కాదు. కళ్లు మూసుకొని చాలాసేపు వినేవాడు. తర్వాత ప్రతిసారీ ఒకటే మాట: "మా తమ్ముడు గింత సేపు ఆగలే."

గనిలో కప్పు మీద కూలి చనిపోయాడు ఆ తమ్ముడు.

"కాకా, ఆ మాట వద్దు. గీ పాఠం అన్ని గనులల్ల నడవాలె."

"అవ్ బిడ్డా, యాది మరిచిన. మళ్ల తియ్యి."

మళ్లీ తీస్తే మళ్లీ అదే మాట. నాలుగోసారికి విసుగొచ్చి, తర్వాత కంప్యూటర్‌లో ఆ మాటనూ, దాని ముందున్న మౌనాన్నీ కలిపి కోసేశాను. పాఠం చక్కగా కుదిరింది.

మొన్న శ్రీరాంపూర్ గనిలో కొత్తగా చేరినవాళ్లు ఆ పాఠం చూసి పరీక్ష చేస్తున్నారు. ఒక్కొక్కరూ కర్రతో కొట్టి వెంటనే ముందుకు నడిచిపోతున్నారు.

"మీరు ఆగి వినరా?" అన్నాను.

"వీడియోల గట్లనే ఉంది గద మేడం," అన్నాడొకడు.

"మళ్ల తియ్యి" అనడానికి కాక లేడు. పోయిన ఎండాకాలమే పోయాడు.