సంగటి నమిలే మనిషి

మా ఆయనకు ఎకలేషియా ఉంది. అన్నవాహిక చివర బిగుసుకుపోయి ముద్ద దిగని జబ్బు. ఆరేళ్ల క్రితం కర్నూలులో బెలూన్‌తో సాగదీశారు; కొన్నేళ్లకు మళ్లీ బిగుసుకోవచ్చని అప్పుడే చెప్పారు. ఈ రోజు భోజనం వేళ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే, "శానా బాగుండాది సార్, ఏ ఇబ్బందీ లేదు" అన్నాడు. ఫోన్ పక్కన పెట్టి రాగి సంగటి నమలడం మొదలుపెట్టాడు. మా సీమలో సంగటి ఎవరూ నమలరు, పప్పులో అద్ది మింగేస్తారు.

"ఏమయ్యా, నములుతాండావే?" అన్నాను.

"రుచిగా ఉండాదిలే, అందుకే."

ఇరవై ఏడేళ్ల కాపురంలో నా వంట రుచిగా ఉందని ఆయన అనడం ఇదే మొదటిసారి. నేనే ఆసుపత్రికి ఫోన్ చేసి ఎల్లుండికి పేరు రాయించాను. మీ ఇంట్లోనూ ఉన్నట్టుండి వంట మెచ్చుకునేవాళ్లుంటే, ముద్ద ఎలా దిగుతోందో ఒకసారి చూడండి.