దండం పెట్టిన బెల్టు

ఆ రోజుల్లో గల్ఫుకు పోయేవాణ్ణి నీకు ఏ పని వచ్చని అడిగేవాళ్ళు తక్కువ, మీ నాయనకు ఏ పని వచ్చని అడిగేవాళ్ళే ఎక్కువ. మా నాయన కల్లు గీసేవాడు, తాతా కల్లు గీసేవాడే, కాబట్టి నేను పుట్టుకతోనే చెట్టెక్కగలనని మా బావ తీర్మానించేశాడు. బావ అంటే మా అక్క మొగుడు. ఖతర్‌లో ఒక తోటల కంపెనీలో ఖర్జూరం చెట్లెక్కి ఎండుమట్టలు నరికే పనిలో అప్పటికే పేరు తెచ్చుకున్నవాడు. ఇంటర్ తప్పి ఇంట్లో ఈగలు తోలుకుంటున్న నా మీద జాలిపడి, మా బామ్మర్ది కోతి లెక్క ఎక్కుతడని ఫోర్‌మన్‌కు మాటిచ్చి వీసా తెప్పించాడు. నిజానికి నా చెట్లెక్కిన చరిత్ర అంతా ఒక జామచెట్టుతో మొదలై ఆ జామచెట్టుతోనే ముగిసింది. (ఎక్కడం బాగానే ఎక్కాను. దిగడానికి మాత్రం పక్కింటివాళ్ళు నిచ్చెన తేవలసి వచ్చింది.) మా అమ్మకు ఈ సంగతి తెలుసు. అయినా బస్సెక్కించేటప్పుడు, "దుబాయ్‌ల చెట్లేడుంటయ్‌రా, అంతా ఇసుకనేనాయె, నువ్వేం బుగులు పడకు" అని ధైర్యం చెప్పింది. (మా ఊళ్ళో ఖతర్ కూడా దుబాయే, మస్కట్ కూడా దుబాయే.)

తీరా దోహాలో దిగి చూద్దును కదా, రోడ్ల పొడుగునా చెట్లే! మన ఈతచెట్టుకు పెద్దన్నలు. ఒళ్ళంతా నరికిన మట్టల మోళ్ళు, తలకాయ నిండా దబ్బనాల్లాంటి ముళ్ళు. బావ వాటిని ఎక్కుతుంటే పోయే కార్లు నెమ్మదించేవి. కంపెనీ ఇచ్చిన బెల్టును ముట్టుకునేవాడు కాదు. ఇంటి నుంచి పెట్టెలో పెట్టి తెచ్చుకున్న మోకే అతని బెల్టు. చెట్టునూ నడుమునూ కలిపి చుట్టుకునే ఆ తాడంటే అతనికి ప్రాణం. పొద్దున మొదటి చెట్టు దగ్గర దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఎల్లమ్మతల్లిని తలుచుకుని, కళ్ళకద్దుకుని, గట్టిగా ఒక గుంజు గుంజి చూసి అప్పుడు కట్టుకునేవాడు. ఆ తర్వాత పైనుంచి మట్టలు రాలుతుంటే ఏరి బండికెత్తడం నా పని. రేపటి నుంచి నువ్వు ఎక్కాలె అని బావ రోజూ అనేవాడు. నాకు రోజూ ఏదో ఒకటి వచ్చేది. ఒకరోజు కాలు బెణికేది, ఒకరోజు కళ్ళు తిరిగేవి, ఏమీ రాని రోజున మంగళవారం వచ్చేది. కొత్త పని మంగళవారం మొదలుపెడితే అచ్చిరాదని నేనే బావకు శాస్త్రం చెప్పేవాణ్ణి.

ఇలా నెట్టుకొస్తుండగా ఇంకేదో కంపెనీలో ఒక మనిషి చెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. మావాళ్ళు భయపడి సేఫ్టీ కోసమని ఒక తెల్లదొరను తెచ్చారు. పొడుగాటి మనిషి, ఎండకు ఎర్రగా కందిపోయిన ముక్కు, ఏ మాటా తొందరగా మాట్లాడడు. ఇక నుంచి పరీక్ష పాసై ఫొటో ఉన్న కార్డు తెచ్చుకున్నవాడే చెట్టెక్కాలి, ఎక్కే వీసా మీద వచ్చి కార్డు రానివాడు ఇంటికే అన్నాడు. ఆ మాట విన్న పూట నాకు అన్నం దిగలేదు. బావ మాత్రం నవ్వాడు. చేపకు ఈత పరీక్షనా అన్నాడు.

పరీక్ష శనివారం పొద్దున, అల్ వక్రా పోయే దారిలో ఉన్న మా నర్సరీలో. దొర మాటలు మాకు తెలుగులో చెప్పడానికి స్టోర్ చూసే రాజమండ్రి అన్నను పిలిచారు. చర్చికి వెళ్ళినా స్టోరుకు వచ్చినా ఆయనది అదే ఇస్త్రీ చొక్కా, అదే మర్యాద. మొదట బావను పిలిచారు. దొర యల్లా (అరబ్బీలో కానియ్యమని) అనడం, బావ పైన ఉండడం, రెండూ ఒకేసారి జరిగాయి. ఇచ్చిన హెల్మెట్ టోపీ కిందే ఉంది, బెల్టు కిందే ఉంది, మోకు వేసుకుని పైకిపోయినవాడు మట్టలన్నీ తెగ్గొట్టి, దిగొచ్చి రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. దొర కొట్టలేదు.

"ఏమనుకోకండి. ఎక్కడం చాలా బాగా ఎక్కారంటండి, అంత బాగా ఎక్కినవాణ్ణి ఆయన చూళ్ళేదంట. కార్డు మాత్రం ఇవ్వరంటండి" అన్నాడు రాజమండ్రి అన్న, తనే తప్పు చేసినవాడిలా.

తర్వాత నేను. ఎక్కడం ఎలాగూ తప్పదు, ఎంత ఆలస్యమైతే అంత మేలనుకున్నాను. టోపీ పెట్టుకుని పట్టీ బిగించాను, వదులైందేమోనని విప్పి మళ్ళీ బిగించాను. బెల్టు కుట్లన్నీ బియ్యంలో రాళ్ళేరినట్టు చూశాను. కొక్కేలు ఒక్కొక్కటి తెరిచి మూసి గుంజాను. చెట్టు చుట్టూ తిరిగి, పైన కందిరీగల తుట్టె ఉందా, పక్కన కరెంటు తీగ ఉందా అని అడిగాను. కిందున్నవాళ్ళను దూరం జరగమన్నాను, జరిగినవాళ్ళను ఇంకా జరగమన్నాను. ఇక చూడ్డానికి ఏమీ మిగల్లేదు కాబట్టి కళ్ళు మూసుకుని ఎక్కాను. ఎంత ఎక్కానో నాకు తెలియదు. (బావ లెక్కన మేకపిల్ల ఎక్కేటంత.) అక్కడ ఆగి మళ్ళీ కొక్కెం గుంజి చూసుకుంటుంటే కింద దొర ముఖం వెలిగిపోయింది. ఇక దిగు, ఇన్నాళ్ళుగా నేను వెతుకుతున్నది ఇట్లాంటి మనిషి కోసమే అన్నాడట. నాకు ఎక్కే కార్డు కాదు, అంతకన్నా పెద్దది ఇచ్చాడు. కింద నిలబడి ఎక్కేవాడి తాళ్ళూ బెల్టూ చూసే కార్డు. నేను సరే అంటేనే ఎవడైనా చెట్టు మీద కాలు పెట్టాలి. నా పిరికితనానికి ఫొటో అంటించి ముద్ర వేసి ఇచ్చారన్న మాట! బావకు పై శనివారం ఒకే ఒక్క అవకాశం. అదీ తప్పితే టికెట్టు.

దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో మా ఇద్దరిదీ ఒకటే గది. ఆ వారం బావ నాతో సరిగ్గా మాట్లాడలేదు. కోపం కాదు, సిగ్గు. చూడలేక గురువారం సాయంత్రం చాయ్ చేతికిచ్చి, ఆ బెల్టు కట్టుకుంటే నీ సొమ్మేం పోయింది బావా అని అడిగాను.

"నా మోకుకు మా నాయన దండం పెట్టిండు, నేను పెడుతున్న. గా బెల్టుకు ఎవ్వడు పెట్టిండురా? దండం పెట్టని తాడు మనిషినెట్ల మోస్తది?" అన్నాడు. చాయ్ కింద పెట్టి, "చెట్టెక్కరాదని ఎల్లగొట్టిన్రంటే మన గౌడోళ్ళల్ల నేను తల ఎత్తుకుంటనా? మీ అక్కకు ఏం చెప్తవ్?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

చెప్పులేసుకుని సీదా రాజమండ్రి అన్న దగ్గరికి పోయాను. స్టోరు వస్తువు గదికివ్వడం రూలు కాదు. విషయమంతా విని ఆయన తాళాలు తీసుకున్నాడు. "కొత్త బండి కొంటే మేమూ పాస్టరు గారి చేత ప్రార్థన చేయిస్తామండి. మనిషిని మోసేదాన్ని ఊరికే ఎలా వాడతాం చెప్పండి" అంటూ బెల్టూ టోపీ తీసిచ్చాడు.

శుక్రవారం సెలవు. తలస్నానాలు చేసి, తువ్వాలు పరిచి, మధ్యలో మోకు, ఒకవైపు బెల్టు, ఒకవైపు పసుపుపచ్చ టోపీ పెట్టాం. కుంకుమేమో అక్క పంపిన పొట్లంలోది. కొబ్బరికాయ దొరకలేదు. అయితే ఏం, ఖర్జూరాలకు కరువా! నైవేద్యం అవే. బావ ఊదుబత్తి తిప్పి, ఎల్లమ్మను తలుచుకుని, మోకును బెల్టుకు తాకించి, వీడు కొత్తోడు, జర నేర్పియ్యి అని మోకుకు అప్పగించాడు. సాష్టాంగపడి లేచిన మనిషి ముఖం తేటపడింది. నేను ఆ వేడిలోనే, బావా, దీనికి కొక్కేలెన్నో దండాలన్ని అన్నాను. న్యాయమేనన్నాడు.

శనివారం బావ టోపీని కళ్ళకద్దుకుని పెట్టుకున్నాడు, పట్టీ గుంజి చూశాడు. బెల్టు కళ్ళకద్దుకున్నాడు, గుంజాడు. ఒక్కో కొక్కేనికీ దండం, ఒక్కో గుంజుడు. ఈయనేం చేస్తున్నాడని దొర అడిగాడు. చెక్ చేసుకుంటున్నాడని రాజమండ్రి అన్న చెప్పాడు. (తర్వాత నా దగ్గరికొచ్చి, అబద్ధం కాదు కదండీ అని మెల్లగా అడిగాడు.) దొర యల్లా అన్నాడు. బావ కదల్లేదు. చెట్టు మొదట్లో నిలబడి నా వైపు తిరిగాడు.

"బామ్మర్దీ, ఎక్కాల్నా?"

జన్మలో మొదటిసారి బావ నన్ను అనుమతి అడిగాడు. అందరి ముందూ. నేను దగ్గరికి పోయి ఒక్కోటీ పట్టి చూశాను. వెనక వైపు, అతని చెయ్యి అందని చోట, ఒక కొక్కెం సగమే పడి ఉంది. ఆగు బావా అన్నాను. దాన్ని నొక్కాను. టక్‌మంది. అతను తల తిప్పి చూశాడు. ఎక్కు అన్నాను. ఎక్కాడు. ఆ రోజు దొర కూడా చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడు నేను హైదరాబాదులో లిఫ్టున్న ఇంట్లో ఉంటున్నాను. బల్బు మార్చాలంటే స్టూలు నాలుగు కాళ్ళూ ఊపి చూసి దండం పెడతాను. ఈలోగా మా ఆవిడ ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసేస్తుంది. బావ ఊరికి తిరిగొచ్చి మళ్ళీ ఈతవనంలో కల్లు గీస్తున్నాడు. నడుముకు మోకు, నెత్తిన ఆ పసుపుపచ్చ టోపీ. ఊరంతా నవ్వుతుంది. దండం పెట్టినంక ఇడుస్తమా అంటాడు. రోజూ పొద్దున మొదటి చెట్టు కింద నిలబడి నాకు ఫోన్ చేస్తాడు. "బామ్మర్దీ, ఎక్కాల్నా?" ఇక్కడి నుంచి నాకు మోకు కనబడుతుందా, ముడి కనబడుతుందా? అయినా గుంజి చూసినవా అని పెద్ద ఆఫీసరులా అడుగుతాను. చూసిన అంటాడు. ఎక్కు బావా అంటాను. దిగినాక ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. అది వచ్చేదాకా, చెట్టెక్కడం రాని ఈ ముసలి గౌడు చేతిలో చాయ్ చల్లారిపోతూనే ఉంటుంది.