సింకు దగ్గర భోజనం

మా అమ్మ నా కాపురం చూడడానికి వస్తే ఒక్క పూట కంటే ఎక్కువ ఉండేది కాదు. అల్లుడి ఎదుట కంచం ముందు కూర్చోవాలంటే ఆవిడకు ప్రాణం మీదకు వచ్చినట్టు ఉండేది. నాకూ అదే అబ్బింది. మా ఆయన పోయాక అమ్మాయి నన్ను కెనడాలో తాముండే సస్కటూన్ తీసుకొచ్చింది. ఇది ఒక్క పూట సంగతి కాదు, ఉండిపోవడమే. ఏం చేయను? ఆ ఇంట్లో నా కోసమని ఒక్క గింజ కూడా ఉడకకూడదని నాకు నేనే కట్టుబాటు పెట్టుకున్నాను.

అదేమంత కష్టం కాలేదు. వాళ్ళకు పప్పూ కూరా వండి పెట్టేదాన్ని, వాళ్ళు వదిలేసినవి నేను తినేదాన్ని. మనవరాలి లంచ్ బాక్సులో సగం పాస్తా అలాగే తిరిగి వచ్చేది. పిజ్జా తెప్పించుకున్న రోజు అంచులన్నీ మిగిలేవి. అల్లుడుగారు హడావిడిలో కొరికి వదిలేసిన బ్రెడ్డు, గిన్నె అడుగున అన్నం. వాటిని చెత్తడబ్బాలో వేయడానికి నాకు చేతులు రావు. మధ్యాహ్నం, సాయంత్రం ఎవరూ లేనప్పుడు చూసి, సింకు దగ్గర నిలబడి, గిన్నె కడగబోయే ముందు వేళ్ళతో ఊడ్చి నోట్లో వేసుకునేదాన్ని. కంచం పెట్టుకోలేదు కాబట్టి తిన్నట్టు కాదు. రాత్రి అందరూ బల్ల దగ్గర చేరితే, "నాకు ఆకలి లేదమ్మా, మజ్జిగ చాలు" అనేదాన్ని. అల్లుడుగారు ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ తన కంచంలోకి చూసుకునేవారు.

ఆ రోజుల్లో ఊళ్ళో ఎక్కడ చూసినా చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలే. బస్సుల్లో వాళ్ళే, దుకాణాల కౌంటర్ల వెనక వాళ్ళే. మా బేస్‌మెంటులోనూ ముగ్గురు ఆడపిల్లలు అద్దెకు దిగారు. వాళ్ళలో తెనాలి పిల్ల ఒకతె బట్టలు ఉతుక్కోవడానికి పైకి వచ్చేది. వాషింగ్ మెషిన్ మా వంటగదిని ఆనుకునే ఉంది. ఎప్పుడు చూసినా ఆ పిల్ల చేతిలో కప్పు నూడుల్సే.

"అదీ ఒక తిండేనా? మీ అమ్మ చూస్తే ఏమంటుంది?" అనేదాన్ని.

"టైం లేదు అమ్మమ్మా. క్లాసు అవ్వగానే షిఫ్టుకి పరిగెత్తాలి."

"పప్పు కడిగి కుక్కర్లో పడేయడానికి ఎంతసేపే? ఊరి చుట్టూ మసూర్ పప్పు పండుతుంటే, నువ్వు వేడినీళ్ళలో దారాలు నానబెట్టుకుని తింటున్నావు!"

"అబ్బ, మొదలుపెట్టారా!" అని నవ్వేసి, "ఇంతకీ మీరేం తిన్నారు?" అనేది.

"నా సంగతి నీకెందుకు?"

చలికాలం చివర్లో నాకు చూపు మసకబారింది, అరికాళ్ళు మంటలెత్తాయి. రక్తపరీక్ష చేస్తే షుగరు బాగా పెరిగిపోయిందన్నారు. తిండి మార్చి, మాత్రలు వేసుకుని చూడాలి, వచ్చే పరీక్షకి దిగకపోతే ఇన్సులిన్ సూది తప్పదన్నాడు డాక్టరు. "నువ్వు తినేదే లేదు కదమ్మా, ఎలా పెరిగింది?" అని అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సూది గుచ్చుకోవడం కాదు నా దిగులు. ఆ సూదుల భారం కూడా అల్లుడి మీదే కదా!

తిండి గురించి చెప్పే డైటీషియన్ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు అమ్మాయికి సెలవు దొరకలేదు. మాట సాయానికి తెనాలి పిల్ల వచ్చింది. ఆ డైటీషియన్ నెమ్మదైన మనిషి. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం తిన్నారని అడిగింది.

"పొద్దున రాగిజావ. మధ్యాహ్నం కాస్త అన్నం, పప్పు, పాలకూర. రాత్రి మజ్జిగ" అన్నాను. మజ్జిగ ఒక్కటే నిజం.

ఆవిడ నా కాగితాలు చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఏదో అడిగింది. ఆ పిల్ల వెంటనే తెలుగులో చెప్పలేదు. నా వైపు వంగి, గొంతు తగ్గించింది.

"ఇంట్లో వాళ్ళు వదిలేసినవి ఏమైనా తింటారా అని అడుగుతోంది అమ్మమ్మా. సింకు దగ్గర తినేవి చెప్పనా?"

నా చెవులు కాలిపోయాయి. "నువ్వెప్పుడు చూశావే?"

"పైకి వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నా. మీకు ఇబ్బందని తలుపు దగ్గరే ఆగిపోయేదాన్ని."

నూడుల్స్ తింటోందని నేను పెట్టిన చీవాట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నేల చీలితే దిగిపోదును. "చెప్పు" అన్నాను, చీర కుచ్చిళ్ళు చూసుకుంటూ.

ఆవిడ కోప్పడలేదు. ఒక కంచం బొమ్మ గీసింది. అందులో సగం కూరలు, పావువంతు పప్పు, మిగతా పావువంతే అన్నం. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది, అయినా బొమ్మ అర్థమైంది. కంచంలో పెట్టుకుని, వేళకు, కూర్చుని తినమంది. అలా తింటేనే ఎంత తింటున్నామో మనకు కనిపిస్తుందట.

బస్సులో ఆ పిల్లతో, "ఇంట్లో చెప్పకే" అన్నాను.

"చెప్పను. మీరు మాత్రం కూర్చుని తినాలి. లేదంటే నా నూడుల్స్ జోలికి రాకూడదు."

"నోరు చిన్నది కాదే నీది!"

మర్నాడు మసూర్ పప్పులో పాలకూర వేసి వండాను. పిడికెడు అన్నం, నిండా క్యాబేజీ కూర పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. అయినా ఎవరింట్లోనో దూరినట్టు వాకిలి వైపే చూస్తూ తిన్నాను. కూర బాగా కుదిరింది. అందుకు ఇంకా సిగ్గేసింది.

మనవరాలి బాక్సులో మిగిలింది మాత్రం తినకూడదు, పారేయలేను. చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో వెనక్కి నెడుతూ వచ్చాను. ఒక రాత్రి భోజనాల వేళ అమ్మాయి పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచింది.

"ఇదంతా నీ పాస్తానే కదూ? బాక్సు ఖాళీ అవుతోందని నేనెంత సంబరపడ్డానే!" అంది కూతురితో.

"ఐ నెవర్ ఫినిష్ ఇట్, మామ్. అమ్మమ్మ ఫినిషెస్ ఇట్. ఎట్ ద సింక్."

ఆ ఇంగ్లీషు నాకు అర్థమైంది. నా తిండి దాచుకోవడమే అనుకున్నాను, పసిది తినడం లేదన్న సంగతి కూడా దాని తల్లి దగ్గర దాచాను. దాని సన్నటి మణికట్టు అప్పుడే నా కంట పడింది.

"అమ్మా?" అంది అమ్మాయి.

అల్లుడుగారు లేచారు. అలమరలోంచి ఒక కంచం తెచ్చి మనవరాలి పక్కన పెట్టారు.

"అత్తయ్యగారూ, ఈ ఇంట్లో అన్నానికి కరువని నేనెప్పుడైనా అన్నానా?"

"అయ్యో, లేదు బాబూ."

"మరి మీరు రోజూ అంటున్నారుగా. నోటితో అనడం లేదు, అంతే."

ఆయనకు భారం కాకూడదనే అనుకున్నాను గానీ, పెట్టలేని మనిషిని చేసి నిలబెడుతున్నానని తట్టలేదు. అల్లుడు వడ్డిస్తుంటే అత్తగారు తినడం మా వంశంలో ఎక్కడా లేదు. అన్నం ఎంత పెట్టమంటారని అడిగితే పిడికెడు చాలన్నాను. ఆ పూట కూరలో ఉప్పుందో లేదో నాకు తెలియదు.

తర్వాతి పరీక్షలో షుగరు దిగింది. సూది ఇప్పటికి వద్దన్నారు. మనవరాలు పాస్తా వద్దు, చుట్టిన దోశ కావాలంది. ఇప్పుడు బాక్సు చాలా రోజులు ఖాళీగానే వస్తోంది, నిజంగానే. తెనాలి పిల్ల గిన్నె పట్టుకుని, "పప్పుందా అమ్మమ్మా?" అంటూ పైకి వస్తుంది. పెడతాను, తిట్టేది తిడుతూనే.

రాత్రిళ్ళు కంచాల్లో మిగిలినది అల్లుడుగారే తీసుకెళ్ళి చెత్తడబ్బాలో వేస్తారు. అప్పుడు నేను కిటికీ వైపు చూస్తాను. ఆయనకు ఎదురుగా ఉన్న కుర్చీలో ఇప్పటికీ కూర్చోను, పక్కకు కూర్చుని తల వంచుకునే తింటాను. ఆయనా నా కంచం వైపు చూడరు. మాట్లాడుతూ మాట్లాడుతూ కూర గిన్నె నా వైపు జరుపుతారు.