చెంపతో గోడ చూసిన బుడంకాయ

రంగుల తాత వేసిన గోడ మీద ఈగ వాలితే జారిపడుతుందని ఆ వీధిలో చెప్పుకుంటారు. ఒక ఈగ అలాగే పడి, కాలు విరగ్గొట్టుకుని, కుంటుకుంటూ పోయిందట. కళ్లారా చూసినవాళ్లు ముగ్గురున్నారు. ముగ్గురూ తాతకి చుట్టాలే కావడం వేరే సంగతి.

ఈగ మాట ఎలా ఉన్నా, ముప్పై ఏళ్లలో ఆయన చేతిలో పడ్డ గోడ ఒక్కటి కూడా పెచ్చు రాల్చలేదు. గోడని నున్నగా చేసే లప్పం ఆరాక, ప్రైమర్ పూసే ముందు, గోడకి అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని నిలబడతాడు. లోపల చెమ్మ ఉంటే ఆ చెయ్యి పట్టేస్తుంది. చెమ్మ మీద రంగేస్తే మూణ్నెల్లకి గోడ బొబ్బలెక్కి పోతుంది మరి. "నాడి పట్టే డాక్టరుకి మనిషి అబద్ధం చెప్తాడేమో గానీ, నాకు గోడ చెప్పదు" అని కోతలు కోసేవాడు. అడిగినా కోసేవాడు, అడక్కపోయినా కోసేవాడు.

ఆయన కూతురు బస్సు కండక్టరు. పొద్దుటి డ్యూటీ పడ్డ రోజుల్లో తన పిల్లని తాత పని చేసే చోటే దింపేసి పోతుంది. ఆ పిల్లే బుడంకాయ. ఏడాదీ ఎనిమిది నెలలది. అప్పటికి దాని దగ్గరున్న మాటలు ఒక గుప్పెడు. అందులో "తాతా" అన్నది రంగుల తాతకీ చెల్లుతుంది, నిచ్చెనకీ చెల్లుతుంది, ఎదురింటి కుక్కకీ చెల్లుతుంది. కుక్క ఒక్కటే ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ వారం దానికి కొత్త మాట దొరికింది. బకెట్లో అమ్మ చెప్పు ముంచితే అమ్మ "అయ్యో, తడి!" అని అరిచింది. అంతే, పిల్లకి లోకం రహస్యం తెలిసిపోయింది. నీళ్ల గ్లాసు తడి. తుడిచిన నేల తడి. కాఫీ తాగిన తాత మీసం తడి. తన లాగు తడి, అది మాత్రం ఆలస్యంగా చెప్పేది. ప్రతిదాన్నీ చెంప ఆనించి చూసేది, ఎందుకంటే చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు. ఒక చేతిలో చెంచా, ఇంకో చేతిలో డబ్బా మూత. పెద్ద ఉద్యోగస్తురాలు.

గురువారం పళ్ల డాక్టరమ్మ కొత్త ఆసుపత్రిలో పని. ఆదివారం ప్రారంభం.

"మేస్త్రీ గారూ, ఈ పూట ప్రైమర్ పడాల్సిందే. రేపు పళ్లు చూసే కుర్చీ వచ్చేస్తుంది" అంది డాక్టరమ్మ.

తాత అరచెయ్యి ఆనించాడు. కళ్లు మూశాడు. "రాయిలా ఎండిందమ్మా" అని డబ్బా మూత ఎత్తాడు.

బుడంకాయ తప్పటడుగులేసుకుంటూ వెళ్లి, కుర్చీ పెట్టబోయే మూల గోడకి చెంప ఆనించింది.

"తడి."

రెండడుగులు జరిగి మళ్లీ ఆనించింది. ఏమీ అనలేదు. వెనక్కొచ్చి, ఇంకాస్త గట్టిగా, "తడీ!"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "మీ మేనేజరు గారు సంతకం పెట్టనంటున్నారు!"

తాత కూడా నవ్వాడు. అయినా వెళ్లి చెయ్యి పెట్టాడు. పొడిగానే ఉంది. తీయబోతుంటే పొద్దున కూతురు అన్న మాట గుర్తొచ్చింది. పొగలు కక్కే కాఫీ గ్లాసుని అడుగున పట్టుకుని అందుకుంటే, "నాన్నా, కాలట్లేదా?" అనడిగింది. కాలలేదు. ముప్పై ఏళ్ల గరుకు కాగితం ఆ అరచేతిని చెప్పు అట్ట చేసి పెట్టింది.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఎవరూ చూడకుండా చెంప ఆనించబోయాడు. డాక్టరమ్మ చూస్తూనే ఉంది. సరే, ఆనించాడు. చల్లగా తగిలింది.

రంగేస్తే పేరు పోతుంది. వెయ్యనంటే పని పోతుంది, పైగా ముప్పై ఏళ్ల కోత అంతా ఒక్క పూటలో గాల్లో కలుస్తుంది.

"ఇవాళ వెయ్యనమ్మా" అన్నాడు.

"ఇందాక రాయి అన్నారుగా?"

"రాయి అయింది నా చెయ్యి. గోడ కాదు."

డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. "అందరికీ చెప్పేశాను. రెండేళ్ల పిల్ల అందని నా ప్రారంభం ఆపుకోవాలా?"

"ఏడాదీ ఎనిమిది నెలలమ్మా. దాని వయసు పెంచకండి" అన్నాడు తాత. "జానెడు చోటు గీకనివ్వండి. పొడిగా ఉంటే ఈ ఆసుపత్రంతా ఊరికే రంగేసి, నిచ్చెన కూడా ఇక్కడే వదిలేసి పోతాను."

డాక్టరమ్మ చేతులు కట్టుకుంది. "గీకండి."

పైపొర గలగలా రాలింది. దాని వెనక లప్పం ముద్ద ముద్దగా గీకే రేకుకి అంటుకుంది. ఇంకో అంగుళం పోయేసరికి కుర్చీకి నీళ్లిచ్చే గొట్టం కనబడింది. దాని అతుకు దగ్గర ఒక చుక్క, నింపాదిగా, తన పని తాను చేసుకుపోతోంది.

డాక్టరమ్మ బుడంకాయ ముందు వంగి, "మేనేజరు గారూ, క్షమించాలి" అంది. మేనేజరు గారు చెంచా నాకుతున్నారు.

గొట్టం బిగించి, ఆ చోటు పూడ్చి మళ్లీ లప్పం పెట్టారు. ప్రారంభం రెండు వారాలు జరిగింది. ఫ్యాన్లు పగలంతా తిరిగాయి. పదో రోజు పొద్దున తాత, డాక్టరమ్మ, గొట్టం బిగించిన ప్లంబరు, ఆ రోజు సెలవు పెట్టి మరీ వచ్చిన కూతురు, అందరూ ఆ మూల దగ్గర వరసగా నిలబడ్డారు. తాత చెయ్యి పెట్టలేదు. బుడంకాయని దించాడు.

పిల్ల ముందు ప్లంబరు గుండీ పరీక్షించింది. తర్వాత నేల. ఆఖరికి దయతలచి గోడకి చెంప ఆనించింది.

"తడి..." అంది.

ప్లంబరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. డాక్టరమ్మ కళ్లు మూసుకుంది. పాపం, పొడి అనే మాట ఆ పిల్లకి ఇంతవరకూ ఎవరూ నేర్పలేదు. అది ఇటు చెంప తిప్పి ఇంకోసారి ఆనించింది. ఆలోచించింది. చెంచా, మూత రెండూ కిందపడేసి, బిస్కెట్టు అయిపోయినప్పుడు చూపించినట్టు ఖాళీ చేతులు రెండూ చూపించింది.

"తడి లే!"

రెండు మాటలు కలిపి పలకడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. కూతురు బస్సాపే విజిల్ వేసింది. ప్లంబరు పిల్లని భుజానికెత్తుకున్నాడు. తాత వీధిలోకి పరుగెత్తి, కనబడ్డవాళ్లందరికీ "నా మనవరాలు వాక్యం మాట్లాడింది!" అని చెప్పొచ్చాడు. సాయంత్రానికి ఆ వాక్యం పెరిగి పెరిగి అరగంట ఉపన్యాసమైంది. అందులో గోడల గురించి కొన్ని మంచి సలహాలు కూడా ఉన్నాయట.

ప్రైమర్ మాత్రం ఆ పూటే పడింది.