నాలుగో స్టేజీ డాక్టరుగారు

ఊపిరితిత్తుల డాక్టరుగారికి ఒకటే జబ్బు. కంటపడిన ప్రతిదానికీ స్టేజీ కట్టనిదే ఆయనకు ముద్ద దిగదు.

రోగులకు కట్టారంటే సరే, అది ఆయన వృత్తి. గొట్టంలోకి గట్టిగా ఊదించి, ఎంత గాలి వచ్చిందో చూసి, ఒకటి నుంచి నాలుగు దాకా ఏదో ఒక స్టేజీ చెబుతారు. అక్కడితో ఆగితే ఆయన గురించి చెప్పుకోవడానికి ఏముంది? ఆస్పత్రి లిఫ్టు మూడో స్టేజీ అన్నారు. క్యాంటీన్ టీ నాలుగో స్టేజీ అంటూనే రెండో కప్పు అడిగి తాగారు. ఒక పెళ్లికి వెళ్లి, వంట మూడో స్టేజీలో ఉందని పక్కాయన చెవిలో చెప్పారు. ఆ పక్కాయన పెళ్లికూతురి తండ్రి. ఇంట్లో భార్య కోపానికి మాత్రం ఆయన స్టేజీ కట్టరు. ఒకసారి కట్టి చూశారట.

ఈ తంతు రోజూ చూసే నర్సుకు ఒళ్లు మండేది. చావుబతుకుల మాటను గొడుగులకీ చెప్పులకీ అంటగట్టడం ఏమిటని సణుక్కునేది. ఒకరోజు ఉండబట్టలేక పైకే అనేసింది. ఆమె విసుగు ఇంకా రెండో స్టేజీలోనే ఉందనీ, మందు అక్కర్లేదనీ చెప్పి ఆయన చక్కా పోయారు.

అలాంటిది, ఆమె మేనమామే ఒకనాడు ఆ గొట్టం ముందు కూర్చోవలసి వచ్చింది. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. తల్లీతండ్రీ లేని ఆమెను పెంచి పెద్దచేసినవాడు. స్టీరింగు ఎంతకాలం పట్టాడో సిగరెట్టూ అంతకాలం పట్టాడు. దగ్గుతూ, ఆగుతూ ఊదాడు. పొగకు గాలిదారులు పూడుకుపోయే జబ్బనీ, అదీ నాలుగో స్టేజీ అనీ తేలింది.

ఇంటికొస్తూనే మంచం ఎక్కాడు. కేన్సరుతో పోయిన అన్నగారికి కూడా చివర్లో నాలుగో స్టేజీ అనే చెప్పారు. ఇక తన పనీ అయిపోయిందని తీర్మానించుకున్నాడు. ఆ జబ్బు వేరు, ఇది వేరు అని ఆమె ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. నడక మానేశాడు. పీల్చే మందు అలమారులోకి పోయింది. చూస్తుండగానే స్నానాలగది దాకా వెళ్లడం కూడా గగనమైపోయింది. జబ్బు కన్నా ముందు ఆ మాటే మామయ్యను పొట్టన పెట్టుకునేలా ఉందని ఆమె వణికిపోయింది. డాక్టరుగారి దగ్గర ఏడ్చేసింది.

ఆ ఆదివారమే ఆయన వాళ్లింటికి వచ్చారు. గుమ్మంలోనే ఆగి, తలుపు కిర్రుమంటోంది, మూడో స్టేజీ అన్నారు. కుర్చీ ఊగేసరికి దానికి నాలుగు ఇచ్చారు. మామయ్య పళ్లు కొరుక్కున్నాడు. అంతలో ఆయన చూపు వరండాలోని ముసలి స్కూటరు మీద పడింది.

"ఇది నాలుగు కూడా దాటిపోయింది. పాత ఇనుముకి వేసేయండి."

మామయ్యకు ఆ బండి ప్రాణం. "ఎవరండీ దాటిందన్నది? కాస్త పక్కకి వంచి కిక్కు కొడితే ఇప్పటికీ స్టార్టవుతుంది" అంటూ మంచం దిగాడు. గోడ పట్టుకుని, మధ్యలో ఆగి, ఊపిరి కూడదీసుకుని వరండాలోకి వచ్చాడు. డాక్టరుగారు పక్కనే నడిచారు గాని చెయ్యి అందించలేదు. మేనకోడలు తన్నగా తన్నగా బండి స్టార్టయింది. పొగ కక్కగానే డాక్టరుగారే ఉరికి ఆపేశారు.

"చూశారా?" అన్నాడు మామయ్య రొప్పుతూ.

"మీరు ఇక్కడిదాకా రావడం చూశాను. జబ్బు పెద్దదే, కాదనను. కానీ గాలికి ఎంత అడ్డుందో అంతవరకే గొట్టం చెప్పింది. ముందు ముందు ఎలా ఉంటారో చెప్పడం దానొక్కదాని వల్ల కాదు. రోజూ నడుస్తారా, మందు పీలుస్తారా, ఆయాసం ముదరకముందే నా దగ్గరికొస్తారా, అవీ చూడాలి."

మామయ్య మేనకోడలి వైపు తిరిగి, ఆ మందు ఎక్కడ పెట్టావని అడిగాడు.

గేటు దాకా సాగనంపుతూ, కనపడినదానికల్లా స్టేజీ ఎందుకు కడతారని ఆమె అడిగేసింది. డాక్టరుగారు కాస్త సిగ్గుపడ్డారు.

"ఆ మాట వినగానే చాలామంది ఇలాగే మంచం ఎక్కేస్తారమ్మా. జబ్బుని పూర్తిగా పోగొట్టలేను. కనీసం మాటనైనా అరగదీద్దామని."

ఇన్నాళ్లూ తను విసుక్కున్న మనిషి మీద ఆమెకు పట్టలేనంత ప్రేమ పుట్టింది.

కొన్ని నెలలకు మామయ్య మళ్లీ ఊదాడు. అదే నాలుగో స్టేజీ. ఆగి ఆగి అయినా తన కాళ్లతోనే ఆస్పత్రికి వచ్చాడు. బయట బెంచీ మీద ఒకాయన రిపోర్టు పట్టుకుని పాలిపోయి కూర్చున్నాడు.

"నాలుగోనా?" అన్నాడు మామయ్య. "నాదీ అదే. లేవండి, అలా మెల్లగా నడిచొద్దాం. ఆ డాక్టరుగారి ఊడిపోతున్న జుట్టు ఎన్నో స్టేజీయో దార్లో తేల్చుకుందాం."